రుసుము లేని కళాశాల: బెరియా సందర్శనము

కెంటకీ రాష్ట్రమున లెక్సింగ్టన్ నగరమునకు దక్షిణముగా సుమారు 40 మైళ్ల దూరమున, పచ్చిక మైదానములు ముగిసి అపలేచియన్ కొండలు తలయెత్తుచోట, బెరియా యను చిన్న పట్టణము కలదు. ఆ పట్టణమునకు నడిబొడ్డున, పాత ఇటుక భవనములతోను, వాటికంటెను పాతవైన మహావృక్షములతోను నిండియున్న కళాశాల 1892 నుండి నేటివరకును ఏ విద్యార్థియొద్దను బోధనా రుసుముగా ఒక్క డాలరైనను పుచ్చుకొని యెరుగదు. అమెరికాలో చదువుకొన్నవారు నడివయసు దాటువరకును చదువు అప్పులు తీర్చుచుండుటను చూచుచున్న మనకు, మన పిల్లలనే ఆ దేశపు చదువులకు పంపుటకై పొలములమ్ముకొనిన కుటుంబములను ప్రతి యూరను ఎరిగియున్న మనకు, ఈ సంగతి ఒకపట్టున నమ్మశక్యము కాదు. ఈ ఉచిత విద్యకు మూల్యము ఎవరు చెల్లించుచున్నారు, ఎట్లు చెల్లించుచున్నారు, అక్కడి జమాఖర్చులను ఏ ధర్మము నడుపుచున్నది అను ప్రశ్నలకు సమాధానము వెదకుచు నేను బెరియాకు పోయితిని.

ఏ సంస్థయొక్క వ్యయమును అర్థము చేసికొనవలెనన్నను ముందుగా దాని ఆశయమును తెలిసికొనవలెను. 1855లో జాన్ జి. ఫీ అను మతబోధకుడు, బానిస విధానమును బానిస రాష్ట్రము నట్టనడుమ నిలిచి నిరసించిన ధీరుడు, ఇచట ఒక చిన్న పాఠశాలను నెలకొల్పెను. సమస్త మానవజాతియు ఏకరక్త సంభవమన్న బైబిలు భావమే ఆయనకు మూలసూత్రము. అదియే నేటికిని కళాశాల ముద్రావాక్యము. 1859లో బానిస విధాన పక్షపాతులు సాయుధులై వచ్చి ఆయనను, ఆయన సహచరులను ఊరినుండి వెడలగొట్టిరి. అంతర్యుద్ధము ముగిసిన పిదప వారు తిరిగివచ్చి 1866లో తలుపులు తెరచినప్పుడు, ఆ యేట చేరిన 187 మంది విద్యార్థులలో 96 మంది నల్లవారు, 91 మంది తెల్లవారు. దక్షిణ రాష్ట్రములలో ఇట్టి దృశ్యము ఆనాడు మిక్కిలి అరుదు. 1904లో కెంటకీ శాసనసభ నల్లవారును తెల్లవారును ఒకే విద్యాలయమున చదువరాదని చట్టము చేసెను. కళాశాల న్యాయస్థానముల కెక్కెను. 1908లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము చట్టమునే సమర్థించెను. అప్పుడు బెరియావారు, తమనుండి బలవంతముగా వేరుచేయబడిన నల్ల విద్యార్థులకొరకు, చందాలు పోగుచేసి లూయీవిల్ నగర సమీపమున లింకన్ ఇన్‌స్టిట్యూట్ అను విద్యాలయమును కట్టించి 1912లో తెరపించిరి. తమ కళాశాలలో లేనివారి చదువునకై ధనము కూడబెట్టిన ఆ కార్యమును చూడగా, ఈ సంస్థకు ధనము సాధనమే గాని లక్ష్యము కాదని నాకు మొదటనే బోధపడెను. 1950లో ఆ చట్టము సడలగనే కళాశాల నల్లవారిని మరల చేర్చుకొనెను.

నాకు ఆవరణమును చూపించినది ఒక విద్యార్థిని. తూర్పు కెంటకీలో బొగ్గుగనులు మూతపడిన ప్రాంతమునుండి వచ్చిన ఆ బాలిక జీవశాస్త్రము చదువుచు, వచ్చినవారికి కళాశాలను చూపించుటను తన కొలువుగా చేయుచుండెను. ఇచట కొలువులేని విద్యార్థి లేడు. ధనికుడైనను పేదయైనను అని వ్రాయబోయి నిలుపవలసినదే. ఏలయనగా ఇచట ధనికులకు ప్రవేశమే లేదు. కుటుంబాదాయము తక్కువగా నుండి, నిజముగా సాయము కావలసినవారినే చేర్చుకొనవలెనని నియమము. ఎంత డబ్బు పోసినను కొనలేని సీట్లు గల కళాశాల ఇది. చేరిన ప్రతివారును వారమునకు కనీసము 10 గంటలు పనిచేయవలెను. గ్రంథాలయమున, ప్రయోగశాలలయందు, భోజనశాలయందు, తోటలయందు, కార్యాలయములయందు, చేతిపనుల శాలలయందు, ఇట్లు నూటికి పైబడిన విభాగములలో పనులున్నవి. పనికి వేతనము కలదు. పనిలో చూపిన నేర్పునకు పై అధికారి మూల్యాంకనము కలదు. చదువు మార్కుల పట్టికవలెనే శ్రమకును వేరొక పట్టిక కలదు. శ్రమ విభాగమునకు ప్రత్యేకముగా ఒక డీనుగారే కలరు.

నేను ఎక్కువసేపు నిలిచినది చీపుర్ల శాలలో. ఈ కళాశాలలో చీపుర్లు కట్టుట 1920లో ఆరంభమైనది. దానికి వాడు పైరు మన జొన్నకు జ్ఞాతి. గింజకొరకు గాక కంకికొరకు పెంచుదురు. ఆ కంకి పొడవైన సన్నని పుల్లల కుచ్చువలె నుండును. పని మొదలిడుటకు ముందు పుల్లలను తడిపి మెత్తపరచెదరు. కొన్నిటికి ఎరుపు, నీలము మొదలగు రంగులు పట్టించెదరు. ఒక యువకుడు కొయ్యపిడిని యంత్రమున బిగించి, కాలితో తొక్కుచు దానిని త్రిప్పుచు, ఒక చేత పిడికెడు పుల్లలను అమర్చుచు, మరియొక చేత తీగెను సడలనీయక పట్టుచు, వరుసపై వరుసగా చుట్టుచుండెను. తీగె వదులైనచో చీపురు నెలతిరుగక మునుపే పుల్లలు రాల్చును. మితిమీరి బిగించినచో పుల్లలు మొదట విరిగిపోవును. చుట్టుట ముగిసిన పిదప ఆ గుండ్రని కట్టను వైసులో పెట్టి చదును చేసి, దబ్బనమంతటి సూదితో అడ్డముగా కుట్లు వేసి, కొసలను సమముగా కత్తిరించెను. ఆ కుట్లలో ఒకటి వంకరపోగా అతడు దానిని విప్పి మరల కుట్టెను. ఎవరును చెప్పలేదు, ప్రక్కనున్న పర్యవేక్షకుడు చూచుచునే యుండి మాటాడలేదు.

ఆ యువకుడు చదువుచున్నది గణితము. చీపురునకు గణితమునకు ఏమి సంబంధమని అడిగితిని. అతడు చేతిలోని పని ఆపక, "మా యింట కళాశాల మెట్లెక్కిన మొదటివాడను నేనే. తరగతిలో నాకు రానిది చాలా ఉన్నదని ప్రతిదినమును తెలియుచుండును. ఇక్కడ మాత్రము ఉదయము రానిపని సాయంకాలమునకు వచ్చును. ఆ ధైర్యముతోనే మరునాడు తరగతికి పోవుచున్నాను" అనెను. శ్రమ విభాగమునకు పెట్టుచున్న ఖర్చు విద్యావ్యయము క్రిందికి వచ్చునా రాదా అను సంశయము నాకుండినచో, అది ఆ మాటతో తీరెడిది.

ఈ విషయమున చూచువారికి ఒక భ్రమ కలుగవచ్చును: పిల్లలచేత పని చేయించుకొని, ఆ మిగులుతో కళాశాల నడుచుచున్నదని. లెక్క చూచినచో ఇది నిలువదు. వారమునకు పది గంటలు మాత్రమే పనిచేయు, ప్రతి యేటను క్రొత్తగా నేర్చుకొను, పరీక్షలు వచ్చినచో తొందరపడు పనివారు ఏ వ్యాపారికిని లాభసాటి కారు. వారికి పని నేర్పుటకు, దిద్దుటకు, మూల్యాంకనము చేయుటకు అనుభవజ్ఞులను జీతములిచ్చి పెట్టుకొనవలెను. ఒక గుమాస్తా చేయు పనిని నలుగురు విద్యార్థులకు పంచినపుడు పని నలుగురికి దొరకును గాని వ్యయము తగ్గదు. ఇంత తెలిసియు ఈ సంస్థ తన ఆయవ్యయ పట్టికలో శ్రమకు ఇంత చోటిచ్చుట, దానిని పొదుపు మార్గముగా గాక బోధనాంగముగా ఎంచినందువలననే. 1906లో ముగిసిన ఫెల్ప్స్ స్టోక్స్ ప్రార్థనా మందిరము ఇందుకు చక్కని సాక్ష్యము: ఆ మందిరమునకు ధనమిచ్చిన మహిళ, దానిని విద్యార్థులే స్వయముగా కట్టవలెనని కోరెనట. గుత్తేదారునకు ఒప్పగించినచో త్వరగా ముగిసెడిదే; కాని దాత కోరినది భవనమొక్కటియే కాదు.

ఇక అసలు ప్రశ్న. విద్యార్థులు సుమారు 1,500 మంది, అధ్యాపకులు, ప్రయోగశాలలు, గ్రంథాలయము, వసతిగృహములు, విద్యార్థికొక లాప్‌టాప్, ఇంతటికి ధనమెక్కడిది? ఆర్థిక వ్యవహారములు చూచు ఒక అధికారిణితో ముచ్చటించినపుడు నేనెరిగియున్న సంగతులన్నియు ఒక క్రమమునకు వచ్చినవి. కళాశాల వార్షిక వ్యయములో సుమారు ముప్పాతిక భాగము శాశ్వత నిధినుండి వచ్చును. మిగిలినది ఏటేట వచ్చు విరాళములు, పేద విద్యార్థులకు కేంద్ర ప్రభుత్వమిచ్చు పెల్ గ్రాంటు, రాష్ట్ర ప్రభుత్వ సహాయము మొదలగువాటినుండి సమకూడును. ఆ శాశ్వత నిధి వంద కోట్ల డాలర్లను మించినది. మన పూర్వులు దేవాలయమునకు మాన్యము వ్రాసినపుడు, భూమిని అమ్మరాదు, దాని ఫలసాయముతో ధూపదీప నైవేద్యములు జరుగవలెను అని శాసనము చెక్కించెడివారు గదా. ఈ నిధియు అట్టిదే. మూలధనము కదలరాదు, దాని ఫలమునుండియే ఖర్చు జరుగవలెను.

అయితే ఈ ఫలము ఏటేట ఒక్కతీరుగా పండదు. నిధి షేర్లలోను, బాండ్లలోను, ఇతర ఆస్తులలోను పెట్టబడియుండును. 2008లోవలె సంత కూలినచో నిధియు కూలును. రుసుములు వసూలు చేయు కళాశాల అట్టి కష్టకాలమున రుసుము పెంచి గట్టెక్కగలదు. బెరియాకు ఆ దారి లేదు. అందువలననే అమెరికా కళాశాలలు సాధారణముగా పాటించు ఒక నియమము ఇచట ప్రాణరక్షకమగుచున్నది: నిధియొక్క ఆ యేటి విలువను గాక, గడచిన కొన్ని సంవత్సరముల సగటు విలువను తీసికొని, దానిలో నూటికి నాలుగైదు పాళ్లు మాత్రమే వాడుకొనవలెను. సంత పొంగినయేట అధికముగా వచ్చినను చేయి చాపరాదు. క్రుంగినయేట తరుగు ఒక్కమారుగా మీదపడదు. ఒక ఉదాహరణముతో ఇది తేటపడును. వంద కోట్ల డాలర్ల నిధిపై నూటికి ఐదు చొప్పున ఏటికి ఐదు కోట్ల డాలర్లు వచ్చును. 1,500 మందికి పంచినచో తలకు 33,000 డాలర్లు పైచిలుకు. ఒక్క విద్యార్థికి ఒక్క యేడు చదువు చెప్పుటకు ఎంత మూలధనము కదలక పడియుండవలెనో ఈ లెక్క చెప్పుచున్నది. ఉచిత విద్య అనునది ఉదారవాక్యముతో వచ్చునది కాదని, దానివెనుక తరతరముల నిగ్రహము ఉండవలెనని దీనివలన స్పష్టమగుచున్నది.

ఆ నిగ్రహమునకు ఒక తేదీ కలదు. 1920 అక్టోబరులో ఈ కళాశాల ధర్మకర్తలు ఒక తీర్మానము చేసిరి. మరణశాసనములద్వారా కళాశాలకు వచ్చు ధనములో, దాత ఏ షరతును పెట్టక విడిచినదంతయు, ఆ యేటి అవసరములకు వాడక శాశ్వత నిధికే చేర్చవలెనని. ఈ తీర్మానముయొక్క బరువును లోకవ్యవహారము నెరిగినవారు మాత్రమే తూచగలరు. షరతు లేని ధనము ఏ సంస్థకైనను అతి తియ్యనిది. కారుచున్న కప్పులు, పెరిగిన జీతములు, క్రొత్త భవనపు కోరిక, ఇవన్నియు దానివైపే చూచుచుండును. చట్టము అడ్డుచెప్పదు, దాత అడ్డుచెప్పడు, ధర్మకర్తల మాట ఒక్కటియే అడ్డు. ఆ మాటను తరువాతి ధర్మకర్తలు 1930లనాటి మహామాంద్యములోను, రెండవ ప్రపంచ యుద్ధకాలములోను, 2008 సంక్షోభములోను ఎత్తివేయక నిలుపుకొనిరి. తమ కాలమున తమకు కీర్తి తెచ్చు కట్టడమును మానుకొని, తాము చూడబోని బిడ్డల చదువునకై ధనము దాచిన ఆ పూర్వుల నిర్ణయమే నేడు ఆ గణిత విద్యార్థికి రుసుమై చెల్లుచున్నది.

ఈ నిధి పెద్దదగుటచేత ఒక చిక్కును తెచ్చినది. 2017 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము, విద్యార్థికి ఐదు లక్షల డాలర్లకు తక్కువకాని ఆస్తిగల ప్రైవేటు కళాశాలల నిధుల ఆదాయముపై నూటికి 1.4 పన్ను విధించెను. మహాసంపన్న విశ్వవిద్యాలయములను ఉద్దేశించిన ఆ వల, పేదల కళాశాలయైన బెరియానుకూడ చుట్టుకొనెను. 2018 ఫిబ్రవరిలో చట్టమును సవరించి, రుసుము చెల్లించు విద్యార్థులు తగినంతమంది గల కళాశాలలకే ఆ పన్ను వర్తించునని చేర్చగా బెరియా బయటపడెను. నిధి ఎంతయని మాత్రమే గాక, ఆ నిధి ఎవరికొరకని కూడ అడుగవలెనన్న న్యాయము ఆ సవరణతో చట్టమున కెక్కెను.

హోవార్డ్ బోవెన్ అను ఆర్థికవేత్త 1980లో కళాశాలల వ్యయమును గూర్చి వ్రాసిన గ్రంథములో ఒక కఠోర సూత్రమును ప్రతిపాదించెను: కళాశాలలు కీర్తికొరకు, శ్రేష్ఠతకొరకు ఎంత ధనము దొరకిన అంత సేకరించును, సేకరించినదంతయు ఖర్చుపెట్టును, కనుక విద్యకు నిజముగా ఎంత కావలెనన్నది కాక, ఎంత దొరకినదన్నదే వ్యయమును నిర్ణయించుచుండును. ఈ సూత్రమునకు బెరియా లోబడకుండుటకు కారణము, అది దేనికి ఖర్చు పెట్టరాదో ముందే నిశ్చయించుకొని యుండుటయే. అమెరికా కళాశాలల వైభవమునకు గుర్తైన ఫుట్‌బాల్ జట్టు ఇచట లేదు. దానికి కావలసిన మహా క్రీడారంగమును లేదు. ఉన్నవాటిలోను ఏది విద్యతో ముడిపడునో అక్కడనే చేయి విప్పెదరు. కళాశాలకు కొండలలో సుమారు 9,000 ఎకరముల అడవి కలదు. గుఱ్ఱములతో దుంగలను లాగించి, నేల చెడకుండ, ఎంచి ఎంచి చెట్లు కొట్టెదరు. 2013లో కట్టిన డీప్ గ్రీన్ అను వసతిగృహమునకు ఆ అడవి కలపతో విద్యార్థుల చేతిపని శాలయందు సామానులు చేయించిరి. ఒకే ఖర్చులో వసతి, వృత్తి, వనరక్షణ అను మూడు ప్రయోజనములు నెరవేరినవి. కెంటకీ నదిమీద పాతబడిన ఒక లాకువద్ద 2021లో చిన్న జలవిద్యుత్ కేంద్రమును నిలుపుటయు ఈ దృష్టితోనే.

దోషమే లేని సంస్థ యని చెప్పుట నా ఉద్దేశము కాదు. పేదల చదువు సంతలోని షేర్ల హెచ్చుతగ్గులపై ఆధారపడుట సుఖమైన స్థితి కాదు. వసతికి, భోజనమునకు అయ్యెడి ఖర్చులో కొంత కొందరు విద్యార్థులపై పడుచునే యున్నది. శ్రమ వేతనముతోను, ఇతర సహాయములతోను వారు దానిని సర్దుకొనవలెను. 1,500 మందిని మించి చేర్చుకొనలేకపోవుటచేత తలుపు తట్టి తిరిగిపోవువారు ఎందరో. నిధి ఎంతమందిని మోయగలదో అంతమందినే తీసికొనుట ఇచటి పద్ధతి. లోపలికి వచ్చినవానిని నడుమ విడువకుండుటకు అది మూల్యము.

బెరియా చీపుర్ల శాలలో నిలిచినంతసేపును నా మనస్సు మచిలీపట్టణమున నుండెను. 1910లో కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావుగారు, భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు నెలకొల్పిన ఆంధ్ర జాతీయ కళాశాలలో మగ్గము, కొలిమి, చిత్తరువు పుస్తకముతో సమానముగా కూర్చుండెను. హనుమంతరావుగారు తన న్యాయవాద వృత్తిని కాదని, ఆయువును దానికే ధారవోసి 1922లో కన్నుమూసిరి. ఆశయమున బెరియాకు మన జాతీయ కళాశాల ఏమియు తీసిపోదు. తీసిపోయినది కదలని మూలధనము విషయమున. చందాలతో ఏయేటికాయేడు గడిపిన సంస్థకు, ఏయేటి కష్టము ఆ యేటనే ఎదురుపడును. జయపురాధీశ్వరులు విక్రమదేవవర్మగారు ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు ఏటికి లక్ష రూపాయల చొప్పున ఇచ్చిన దానమును తెలుగువారు ఎన్నటికిని మరువరాదు. విజ్ఞాన కళాశాల వారి పేరనే వెలయుట మిక్కిలి న్యాయము. కాని సాంవత్సరిక దానము సంస్థానమున్నంతవరకే నడువగలదు. ఎస్టేట్ల రద్దు చట్టములతో సంస్థానములే మాయమైనవి. రైతునకు న్యాయము జరిగినది. విద్యకు దాతలుగా నిలిచిన ఆ స్థానమున మరియొకరిని మనము నిలుపుకొనలేదు.

నేడు మన రెండు రాష్ట్రములలోను లక్షలకొలది పేద విద్యార్థుల చదువు, 2008 ప్రాంతమున ఉమ్మడి రాష్ట్రమున ఆరంభమైన ఫీజు రీయింబర్సుమెంటుపై ఆధారపడియున్నది. ఆ పథకమువలన కూలివాని బిడ్డలు ఇంజనీర్లగుట నేను కన్నులార చూచితిని. దానిని చులకన చేయువారితో నేను ఏకీభవింపను. కాని ప్రభుత్వ ఖజానానుండి బకాయిలు విడుదల కాక నిలిచినప్పుడెల్ల కళాశాలలో మొదట ఆగునది అధ్యాపకుని జీతము, పిదప గ్రంథాలయమునకు పుస్తకములు, ఆపైని ప్రయోగశాలకు రసాయనములు; అనగా ఏది విద్యయో అదియే ఆగును. ఆగనిది ప్రకటనల పలక, ప్రవేశద్వారపు కమాను. కళాశాల ఆశయమును దాని వార్షిక సంచికలో చదువ నక్కరలేదు. కటకటగా నున్న యేట ఏ పద్దును కొట్టివేసిరో చూచినచో చాలును.

కనుక మన కళాశాలల యాజమాన్యములకును, పూర్వవిద్యార్థి సంఘములకును నా మనవి మూడు మాటలలో చెప్పుదును. స్వర్ణోత్సవములకు, శతాబ్ద్యుత్సవములకు విదేశములనుండియు స్వదేశమునుండియు వచ్చు చందాలలో కొంతభాగమైనను సభామంటపములకు, విగ్రహములకు గాక, ముట్టరాని మూలధనముగా బ్యాంకులో వేయుడు. పదిలక్షలతో ఆరంభమైనను సిగ్గుపడ నక్కరలేదు, బెరియా నిధియు ఒక్కనాట వంద కోట్లు కాలేదు. ఆ మూలధనమును ఏ కమిటీయు తరువాత కదపకుండ తీర్మానము వ్రాసి, దానిని సంఘపు నియమావళిలో చేర్చుడు. ఏటేట జమాఖర్చులను, బోధనకెంత, భవనములకెంత, కార్యాలయమునకెంత యని విడదీసి, విద్యార్థులు తెలుగులో చదువుకొనునట్లు నోటీసు బోర్డుమీద అంటింపుడు. ఈ మూడింటిలో దేనికిని ప్రభుత్వ అనుమతికై వేచియుండవలసిన పని లేదు. వచ్చు సర్వసభ్య సమావేశముననే ఆరంభింపవచ్చును.